తలుపు నంబరు లేనివి

భీమిలి బస్సు నన్ను దింపేసి
పొగ ఒక్కదాన్నే తోడుంచి వెళ్ళిపోయింది.
ఆదివారం. అయినా సంచిలో టేపుంది.
ఇరవై రెండేళ్ళుగా ఇంటిపన్ను లెక్కలు రాస్తున్నవాణ్ణి,
గోడ కనపడితే చెయ్యి ఊరుకోదు.

కొండ మొదలు దాకా ఎర్ర నేల.
వాన గీరిన చోట పుచ్చకాయ ముక్క,
ఎండిన చోట పాత ఇటుక పొడి.
మోకాలెత్తు పొదలు: బలుసు, కలివి, పరికి.
ముల్లు లేనిదేదీ ఇక్కడ బతికి బట్టకట్టలేదు.
గాలి సముద్రం మీంచి వచ్చి
ఒక్కో కొమ్మనీ పడమటికి దువ్వి పోతోంది.
ఇంత మేర నిటారుగా నిలబడ్డది నేనొక్కణ్ణే,
అందుకే కాబోలు నా గొడుగు తిరగబడింది.

"ఏటి బాబూ, సర్వేకొచ్చినావా?"
మేకల వెనక నుంచి గైరమ్మ.
"కాదమ్మా, గుహలు చూసి పోదామని."
నమ్మలేదు.
అయినా ముందు నడిచింది,
కర్రతో పాములకి మా రాక చెబుతూ.

మూడు గుహలు. తొలిచిన చేతుల పేర్లు ఎవరికీ తెలీవు.
భిక్షువులుండేవారంటారు చదువుకున్నవాళ్ళు.
గైరమ్మకి అవి పెద్దగది, పొయ్యిగది, మేకలగది.

వంగి లోపలికెళ్ళాను.
కాలిన వీపు మీద ఎవరో
తడిగుడ్డ పరిచినట్టయింది.
గబ్బిలాల వాసన, మేక పెంటికల వాసన,
వాటి అడుగున ఇంకేదో. రాయిదే అనుకుంటాను,
రాయికి వాసనుంటుందని ఇన్నాళ్ళూ తెలీదు.

చెయ్యి ఊరుకోలేదు.
పొడవు: తొమ్మిదడుగులు.
వెడల్పు: ఆరున్నర.
పైకప్పు: కొండ.
తలుపులు: లేవు, గడపలో మాత్రం
తలుపు తిరిగిన గుంట ఉంది, వేలు పెడితే నున్నగా.
కట్టిన సంవత్సరం:
ఆ గడి దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది.
కట్టలేదు కదా ఎవరూ,
మనిషి పట్టేంత కొండని తీసేశారంతే.
లేనిదాన్ని కొలవడం నాకిదే మొదలు.

మూలన రాతి అరుగు.
ఒక కొసన నాలుగు వేళ్ళ ఎత్తు,
తలగడ!
ఇల్లూ వాకిలీ జుట్టూ పేరూ వదిలేసి వచ్చినవాడు
ఇదొక్కటీ వదల్లేకపోయాడు.
ఎందుకో అతని మీద ఇష్టం పుట్టింది.
చెప్పులు విప్పి పడుకుని చూశాను, నా కాళ్ళు పట్టలేదు.
పొట్టివాడన్నమాట.

పొయ్యిగది కప్పు నిండా మసి.
అందులో పాత దీపం ఎంతో,
గైరమ్మ గంజి ఎంతో, ఎవరు విడదీస్తారు?
"హుద్‌హుద్ నాడు ఇందులోనే కూకున్నాం,
పదకొండు మందిమి, ఇరవై మేకలూ.
మా పాకలు లెగిరిపోయి ఏ ఊరు సేరినాయో.
ఈ రాయి కదిలితే ఒట్టు.
ఆ రేతిరే నల్లమేక ఈనింది,
పిల్లకి తుపానని పేరెట్టినాం."
అదుగో అదేనంటూ గెడ్డమున్న ఒక ముసలి పోతుని చూపించింది.
అది నా కాయితం కొస నమలబోయింది.

"యజమాని గడిలో ఎవరి పేరు రాయమంటావు?"
నవ్వులాటకే అడిగాను.
ఆమె నవ్వలేదు.
"ఎవల్దీ రాయకు బాబూ.
రాస్తే వచ్చేస్తారు."

బయట పొద్దు వాలింది.
లంగరేసిన ఓడలు మూడు, రేవు పిలుపు కోసం.
అవతలి కొండకి సగం చెంప లేదు,
ఆ కంకరే రోడ్డయింది,
ఆ రోడ్డు మీదే నేనొచ్చింది.

కాయితం చింపేశానని చెబితే బాగుండును.
మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

రాత్రి ఇంట్లో టేపు లాగితే
తొమ్మిదో అడుగు దాకా ఎర్రదుమ్ము.
రేపు మధురవాడలో ఒక కొత్త ఫ్లాటు కొలవాలి,
మూడు పడగ్గదులు, రెండు బాల్కనీలు.
గుడ్డ తెచ్చుకుందామని లేచి
ఎందుకో మళ్ళీ కూచున్నాను.